శిశువుల విధేయత

శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును 1514లో వశపఱచుకొనెను. గజపతుల సేన లొంగుటకు ఏడాదికి పైగా ముట్టడి సాగవలసివచ్చెను. పిమ్మట రాయలు ఉదయగిరినుండి బాలకృష్ణవిగ్రహమును సగౌరవముగ విజయనగరమునకు తరలించి 1515లో ప్రతిష్ఠింపజేసెను. ఆ కొండక్రింది యిండ్లలో నేటికిని దినదినము వేఱొక ముట్టడి జరుగుచున్నది. మూడేండ్ల బిడ్డ కోట, కన్నవారు ముట్టడిదారులు. "మావాడు చెప్పినమాట వినడు" అనునదే ఉదయగిరినుండి ఆత్మకూరువఱకు ఏ యింటనైనను వినవచ్చు మొఱ. కాని కోటను లొంగదీసినట్లు బిడ్డను లొంగదీయుట జయమగునా?

మన యిండ్లలో వాడుకయందున్న సాధనములు మూడు: బెదురు, లంచము, దెబ్బ.

అన్నము తిననిచో బూచివాడు వచ్చును. నిద్రపోనిచో పోలీసువాడు పట్టుకొనిపోవును. కొన్నాళ్లకు బూచి మాయమగును గాని పోలీసు మిగులును. రక్షకభటుని పిశాచముగ నెఱిగి పెరిగిన బాలుడు, పెద్దవాడై తనకు అన్యాయము జరిగిననాడు ఠాణా గడప యెక్క వెఱచును. అధికారి యెదుట నోరువిప్పి హక్కును అడుగజాలడు. పరప్రభుత్వము 1947లో తొలగినది. ఉగ్గుతో పోసిన యీ బెదురు తొలగలేదు.

ఏడ్చు బిడ్డకు పూర్వము బెల్లపుముక్క నిచ్చెడివారు. నేడు సెల్‌ఫోను నిచ్చుచున్నారు. ఏడ్చినచో లభించునని బిడ్డ వెంటనే గ్రహించును. సంతకు పోవుచు బొమ్మ తెచ్చెదనని చెప్పి వట్టిచేతులతో వచ్చు తండ్రి తన మాటకు తానే విధేయుడు కాడు. అట్టి మాటను బిడ్డ యేల మన్నించును?

ఇక దెబ్బ. అది తత్క్షణము పనిచేయును. అందుచేతనే మిక్కిలి అపాయకరము. దెబ్బతిన్న బిడ్డ తప్పును మానుటకంటె దాచుటను త్వరగా నేర్చును. టాల్‌స్టాయి క్షేత్రమున ఒక బాలుని కోపముతో కొట్టినందులకు గాంధీమహాత్ముడు పశ్చాత్తాపపడి, ఆ సంగతిని ఆత్మకథయందు వ్రాసికొనెను. ఆయనయే బాల్యమున బంగారము దొంగిలించి, తప్పును కాగితముపై వ్రాసి తండ్రి కిచ్చినప్పుడు, తండ్రి దండింపక కన్నీరు విడిచి ఆ కాగితమును చింపివైచెను. ఆ కన్నీరు చేసిన పని బెత్తము చేసియుండెడిదా? బడులలో శారీరకదండనమును 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఇంట తల్లిదండ్రుల వివేకమే శాసనము కావలయును.

అట్లని బిడ్డలను విచ్చలవిడిగ విడువుమని మా భావము కాదు. బస్సులు పాఱు బాటపైకి పరుగిడు బిడ్డను "ఆగు" మన్నచో ఆ మాట తక్షణము చెల్లవలయును. అది చెల్లవలెనన్నచో మిగిలిన ఆజ్ఞలు తగ్గవలయును. లే, కూర్చో, ముట్టకు, అరవకు అని ప్రొద్దుననుండి నూఱు ఆజ్ఞలు విన్న చెవికి నూటయొకటవది గాలిసవ్వడియే.

ఉదయగిరిలో కొయ్యగరిటెలు చెక్కి జీవించు కుటుంబములు కలవు. స్త్రీలనేకులు ఇంటనే యీ పని చేయుదురు. వాడిపనిముట్ల నడుమ బిడ్డను పెంచుట సామాన్యము కాదు. అట్టిచోట "ఉలి ముట్టకు" మని మాటిమాటికి గద్దించుటకంటె, ఉలిని అందనియెడ నుంచి, తయారైన గరిటెలను వరుసగ పేర్చు ఆట నొప్పగించుట మేలు. అది కూలి కారాదు. తల్లి చెంత తనకును చోటున్నదను తృప్తి కావలయును.

తండ్రి వలదన్నదానిని అవ్వ చాటుగ ఇచ్చుటయు మానవలయును. వానలు తప్పినయేడు మెట్టయూళ్లలో తల్లిదండ్రులు పనులకై దూరము పోయినచో బిడ్డలు అవ్వతాతలకడ నుందురు. పెద్దలందఱి మాట ఒక్కటి కానిచో ఆ బిడ్డ యెవరిమాట వినును?

తండ్రిమాటకై అడవికేగిన రాముని మనవారు పూజించిరి. తండ్రిమాటను త్రోసిపుచ్చిన ప్రహ్లాదునిగూడ పూజించిరి. ఇందు విరోధము లేదు. ధర్మమునకు లోబడుటయే యిరువురును చేసిన పని. "ఎందుకు?" అని బిడ్డ యడిగినపుడు కారణము చెప్పు ఇంటిలోనే అట్టి విధేయత మొలకెత్తును. భయపడి లోబడుట నేర్చినవాడు రేపు ఏ బలవంతునికైనను లోబడును.

ఉదయగిరిని ముట్టడిచే గెలిచిన రాయలే అందలి బాలుని చేతులెత్తి మ్రొక్కి కొనిపోయెను. ఆ కొండక్రింది తల్లిదండ్రులు రాయల ముట్టడిని మఱచి, ఆ మ్రొక్కును జ్ఞప్తియందుంచుకొందురు గాక.