ఖనిలో కమీషన్ బతుకు: అపోహలు, వాస్తవాలు

గోదావరిఖనిలో సంపాదన అంటే ముందు గుర్తొచ్చేది సింగరేణి జీతం, దసరా ముందు పడే లాభాల వాటా. అదే గల్లీలో ఉండే ఎల్ఐసీ ఏజెంటుకు ఫస్టు తారీఖు జీతం రాదు. అందుకేనేమో, ఆయన సంపాదన గురించి తలా ఒక లెక్క చెబుతారు.

అపోహ: ఒక పాలసీ చేయిస్తే చాలు, ఏళ్ల తరబడి కూర్చుని తినొచ్చు.

వాస్తవం: ఏడాదికి 24,000 రూపాయల ప్రీమియం అనుకుందాం. చాలా పొదుపు పాలసీల మీద మొదటి ఏటి కమీషన్ ఇదివరకు 35 శాతం దాకా ఉండేది. 2024 అక్టోబరు నుంచి 28కి దిగింది. అంటే 6,720. ఆ తర్వాత ఏటా 7.5 శాతం, 1,800. అదీ పాలసీ నడిస్తేనే. పాలసీదారు కట్టడం మానేస్తే ఆ కాస్తా ఆగిపోతుంది. పర్మినెంటు కార్మికుడికి ప్రీమియం జీతంలోనే కోతపడితే ఏజెంటుకు కొంత నిశ్చింత. మిగతావాళ్లకు గడువు గుర్తుచేయాలి, నైట్ షిఫ్టు చేసి పడుకున్నవాణ్ణి లేపకుండా సాయంత్రం మళ్లీ పోవాలి. పెట్రోలు ఖర్చు తనదే.

అపోహ: “నీకొచ్చే దాంట్ల సగం మాకియ్యరాదే?” అని అడగడంలో తప్పేముంది?

వాస్తవం: 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం కమీషన్‌లో వాటా ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తప్పే. జరిమానా 10 లక్షల దాకా ఉండొచ్చు. అడగకుండానే ఇస్తానన్న ఏజెంటంటే నాకు మరీ అనుమానం. తన కష్టం వదులుకున్నవాడు క్లెయిము రోజున మన గడప తొక్కుతాడా?

అపోహ: ఏజెంటంటే ఎల్ఐసీ ఉద్యోగే.

వాస్తవం: కాదు. జీతం లేదు, పీఎఫ్ లేదు. అలాగని పూర్తిగా గాలిలో దీపమూ కాదు. 2023లో ఏజెంట్ల గ్రాట్యుటీ పరిమితిని 3 లక్షల నుంచి 5 లక్షలకు పెంచారు. నిబంధనల ప్రకారం అర్హత ఉంటే, ఏజెంటు పోయాక రెన్యువల్ కమీషన్ వారసులకు అందుతుంది.

చిన్న పాలసీలంటే ఏజెంట్లకు చులకన అన్న మాటా ఉంది. 2024లో న్యూ ఎండోమెంట్ ప్లాన్ కనీస బీమా మొత్తాన్ని లక్ష నుంచి 2 లక్షలకు పెంచింది సంస్థే. ఓపెన్‌కాస్టులో మట్టి తోలే కాంట్రాక్టు డ్రైవరు అందులో లక్షకే చేయించుకుంటానన్నా, ఇప్పుడు ఏజెంటు చేతిలో ఆ కాగితం లేదు.