పెద్ద ఫైళ్లు - చిన్న మెమరీ



మన ఇండ్లలో అవ్వలు, తాతలు పాడు పాటలను, చెప్పు కథలను వీడియోలుగా తీసి కంప్యూటరులో భద్రపరచుట ఎంతయు మంచి పని. పరభాషా ప్రాంతమున నివసించు మనకు అవి పెన్నిధులు. అయితే ఒక్కొక్క వీడియో వందల మెగాబైట్లుండును. దానిని సవరించినకొలది క్రొత్త ప్రతి ఏర్పడును. పాత కంప్యూటరు ఆ భారమును మోయలేక పని నడుమ ఆగిపోవచ్చును. ఇట్లేల జరుగునో, నివారణోపాయమేమో తెలిసికొందము.

ఫైళ్లలో ఎప్పుడెప్పుడు ఏయే మార్పులు జరిగినవో క్రమముగా దాచియుంచు సాధనములలో గిట్ అనునది ప్రసిద్ధము. దీనిని లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించెను.

పూర్వపు గ్రామకరణమును తలచుకొనుడు. ఆయన కవిలెల పెట్టె కంప్యూటరునందలి డిస్కు వంటిది. ముందున్న వ్రాతబల్ల మెమరీ వంటిది. పెట్టె పెద్దది, బల్ల చిన్నది. గిట్ మొదట ప్రతియొక్క ప్రతిని పూర్తిగా కుదించి పెట్టెలో దాచును. పిమ్మట స్థలము కలిసివచ్చుటకై, పోలికగల ప్రతులను బల్లపై పరచి, భేదములను మాత్రము వ్రాసికొని కట్టగా కట్టును. సాధారణముగా ఒక్కొక్క ప్రతిని పదింటివరకు పోల్చి చూచును. వ్యాసములైనచో పదియు సులభముగా ఇముడును. 300 మెగాబైట్ల వీడియోలు పది పరచినచో 3,000 మెగాబైట్లు కావలెను. నలుగురు గుమాస్తాలు కలిసి పనిచేసినట్లు కంప్యూటరు ఆ పనిని పలు పాయలుగా చేసినచో, ఎవరి ప్రతులు వారికి వేరుగా కావలెను గదా! అప్పుడు బల్ల చాలదు.

ఇంత శ్రమకును ఫలమల్పము. వీడియోలు ముందే కుదింపబడినవి గనుక, పోల్చుటవలన స్థలమంతగా మిగులదు.

ఉపాయములు మూడు కలవు. మొదటిది, కోర్.బిగ్‌ఫైల్‌థ్రెషోల్డ్ అను హద్దు. దీనిని మించిన ఫైలును గిట్ పోల్చక, కుదించి మాత్రమే దాచును. మనము మార్చనిచో ఈ హద్దు 512 మెగాబైట్లు. అందుచేతనే 300 మెగాబైట్ల వీడియో పోలికకు చిక్కినది. హద్దును 50కి తగ్గించినచో మెమరీ మిగులును. రెండవది, ప్యాక్.విండోమెమరీ. ఇది ఒక్కొక్క పాయకు మితి విధించును. ప్యాక్.థ్రెడ్స్ ను 1గా నిర్ణయించినచో గుమాస్తా ఒక్కడే యగును. పని ఆలస్యమగును గాని భారము తగ్గును. మూడవది, 2015లో వెలువడిన గిట్ ఎల్ఎఫ్ఎస్. ఇది అసలు ఫైలును వేరొక భాండారమున నుంచి, గిట్‌లో దాని గుర్తును, పరిమాణమును తెలుపు చిన్న చీటీని మాత్రము దాచును.

రెండు హెచ్చరికలు మరువరాదు. ఒకసారి చరిత్రలో చేరిన పెద్ద ఫైలును తరువాత తొలగించినను, పాత ప్రతులలో అది నిలిచియే యుండును. కావున మొదటనే యోచింపవలెను. ఇక చీటీ యున్నంత మాత్రమున అవ్వ కంఠము వినిపింపదు. భాండారము చెడినచో చీటీ వ్యర్థము. కావున తలిదండ్రులును పిల్లలును కలిసి, అసలు వీడియోలకు మరియొక నకలును వేరుచోట భద్రపరచుదురు గాక!