పరాధీనుడైనా కర్తే

1671లో తుంగభద్ర ఒడ్డున, కర్నూలు సీమలోని మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేశారు. ఆ తర్వాత ఆరేళ్లకు, 1677లో, హేగ్ నగరంలో తత్వవేత్త స్పినోజా కన్నుమూశాడు. ఒకరినొకరు ఎరుగని ఈ సమకాలికులిద్దరి ముందూ ఒకే ప్రశ్న ఉంది. జరిగేదంతా ముందే నిర్ణయమైతే, మనిషి చేసే పని అతనిదేనా?

సర్వమూ దైవస్వరూపమైన ప్రకృతి నియమాల నుంచి తప్పనిసరిగా పుడుతుందన్నాడు స్పినోజా. మనకు మన కోరికలు తెలుసు, వాటి కారణాలు తెలియవు. అందుకే స్వేచ్ఛాపరులమని భ్రమపడతామని అతని వాదం.

రాఘవేంద్రులది మధ్వాచార్యుల ద్వైత సంప్రదాయం. అందులో స్వతంత్రుడు విష్ణువొక్కడే. జీవులూ జడమూ పరతంత్రాలు. అయినా జీవుడు కర్తేనని ఆ మతం గట్టిగా చెబుతుంది. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం, మూడో పాదంలో ఈ చర్చ ఉంది. జీవుడు కర్త కాకపోతే శాస్త్రం చెప్పే విధినిషేధాలు ఎవరి కోసం? కాబట్టి కర్తృత్వం నిజం, అయితే అది ఈశ్వరాధీనం. ఆ సూత్రాలకు రాఘవేంద్రులు 'తంత్రదీపిక' అనే వ్యాఖ్య రచించారు.

ఇదే చిక్కు 1645లో పారిస్‌లో ఆంగ్ల తత్వవేత్త హాబ్స్, బిషప్ బ్రామ్‌హాల్‌ల వాదంలో ఎదురైంది. అన్నీ నిర్ణీతమైతే చట్టం, హితబోధ, నింద, మెప్పు వ్యర్థమేనన్నాడు బ్రామ్‌హాల్. హితబోధా మన ఆలోచనా కూడా ఫలితాన్ని తెచ్చే కారణాల్లో భాగమేనన్నాడు హాబ్స్. అతని సమాధానానికి దేవుడి ప్రమేయం అక్కరలేదు. ద్వైతానికి దేవుడే ఆధారం. కానీ కారణాలకు లోబడినంత మాత్రాన ప్రయత్నం వ్యర్థం కాదన్న చోట రెండూ కలుస్తాయి.

కారణాలకు లోబడటం వేరు, ప్రయత్నం వ్యర్థం కావడం వేరు. ఈ తేడాను విస్మరిస్తేనే కార్యకారణవాదం కాస్తా తలరాత వాదంగా మారుతుంది. కానున్నది కాకమానదని చేతులు ముడుచుకున్నవాడు, ఆ కానున్నదానికి తన చేతులు కూడా కారణమని మరచిపోతాడు.

వాన మన చేతిలో లేని రాయలసీమకు ఈ వివేకం ప్రాణావసరం. కడప జిల్లా పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు పన్నెండు అంగాలను అది లెక్కించింది. గట్టి నేల, నీరు మోసుకొచ్చే ఏరు, కట్టకు ఊతమిచ్చే కొండలతో పాటు కీర్తి కోరే ధర్మపరుడైన రాజునూ, జలశాస్త్రం తెలిసిన పండితుణ్ణీ అదే వరుసలో చేర్చింది. మనిషి పూనికను ప్రకృతికి వెలుపల నిలపలేదు, ప్రకృతి ముందు సున్నా చేయనూ లేదు. స్వేచ్ఛ గురించి మనం నేర్వవలసిన పాఠం అదే: మన సంకల్పానికి కారణాలుంటాయి, మన సంకల్పమూ ఒక కారణమే.