అసఫ్‌జాహీ రాజవంశ వారసత్వ వివాదం

అసఫ్‌జాహీ రాజవంశం 1724 నుండి 1948 వరకు హైదరాబాదు రాజ్యాన్ని పరిపాలించిన వంశం. ఈ వంశపు పాలకులను నిజాములు అంటారు. 1948 సెప్టెంబరులో రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత ఈ కుటుంబపు ఆస్తిపాస్తుల గురించి, అంతకంటే ఎక్కువగా చరిత్రలో దాని స్థానం గురించి మొదలైన వాదోపవాదాలు నేటికీ సమసిపోలేదు. వివాహబంధం వలన ఈ కథలో మరొక రాజవంశం కూడా చేరింది. అది టర్కీ విప్లవం తరువాత 1924లో దేశబహిష్కరణకు గురైన ఒట్టోమన్ వంశం.

కృష్ణా జిల్లాలో నిజాం గ్రామాలు

నిజాం పాలన అనగానే తెలంగాణ మాత్రమే గుర్తుకు వస్తుంది. కాని కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, జి.కొండూరుకు, నందిగామకు సమీపంలోని పరిటాల, దాని చుట్టుపక్కల కొన్ని గ్రామాలు కూడా నిజాం ఏలుబడిలోనే ఉండేవి. 1766లో ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు నిజాం అలీ ఖాన్ వజ్రపు గనులను, వాటికి చెందిన గ్రామాలను తనకే అట్టిపెట్టుకున్నాడు. ఆ షరతు ఫలితంగా నాలుగు వైపులా ఆంగ్లేయుల భూభాగం ఉండి నడుమ నిజాం గ్రామాలు మిగిలిపోయాయి. దీనికి తిరగవేతగా మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం ఉండగా పరగణా మాత్రం ఆంగ్లేయుల కృష్ణా జిల్లాలో ఉండేది. వజ్రాలు ఎప్పుడో అడుగంటినా ఎల్లలు మాత్రం చెక్కుచెదరలేదు.

1947 ఆగస్టు 15న పొరుగు గ్రామాలన్నీ స్వతంత్ర భారతంలో చేరగా పరిటాల వాసులు నిజాం ప్రజలుగానే ఉండిపోయారు. పోలీసు చర్యకు ముందే వారు నిజాం అధికారాన్ని ధిక్కరించి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఇదే 'పరిటాల రిపబ్లిక్'గా ప్రసిద్ధికెక్కింది. విజయవాడ - హైదరాబాదు రహదారి మీద వెళ్ళేవారు పరిటాలలోని 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహాన్ని చూస్తారు గాని ఈ సంగతి ఎరిగినవారు తక్కువ. ఆ రోజులలోనే రజాకార్ల దాడులకు భయపడి తెలంగాణ నుండి అనేక కుటుంబాలు సరిహద్దు దాటి జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలలో తలదాచుకున్నాయి. కనుక ఈ ప్రాంతంలో నిజాం అనే మాట చాలాకాలం పాటు భయాన్నే గుర్తుచేసింది.

ఒట్టోమన్ సంబంధం

టర్కీలో ముస్తఫా కెమాల్ నాయకత్వాన జాతీయ సభ 1922 నవంబరు 1న సుల్తాను పదవిని రద్దు చేసింది. రాజ్యాధికారం లేని ఖలీఫాగా అబ్దుల్ మజీద్ ఎన్నికయ్యాడు. 1924 మార్చి 3న ఆ పదవిని కూడా రద్దు చేసి కుటుంబం మొత్తాన్ని దేశం నుండి వెళ్ళగొట్టారు. అబ్దుల్ మజీద్ మొదట స్విట్జర్లాండుకు, పిదప ఫ్రాన్సులోని నీస్ నగరానికి చేరాడు. ఇల్లు గడవని స్థితిలో ఉన్న ఆయనకు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకు 300 పౌండ్ల భరణం ఏర్పాటు చేశాడు.

1931 నవంబరు 12న నీస్‌లో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాతో ఖలీఫా ఏకైక కుమార్తె దుర్రుషెహ్వార్‌కు, రెండవ కుమారుడు మొఅజ్జం జాతో అదే వంశానికి చెందిన నీలోఫర్‌కు వివాహాలు జరిగాయి. ఖిలాఫత్ ఉద్యమ నాయకుడు మౌలానా షౌకత్ అలీ ఈ సంబంధాలకు మధ్యవర్తి. నిరాశ్రయులైన వారికి ఇది ఆసరా కాగా, అపార ధనవంతుడైన నిజాముకు ఇస్లామిక ప్రపంచంలో గౌరవం చేకూర్చే వియ్యం. ఆంగ్లేయులు మాత్రం దీనిని అనుమానంతోనే చూశారు. ఖిలాఫత్ హక్కు దుర్రుషెహ్వార్ కుమారునికి సంక్రమించేటట్లు అబ్దుల్ మజీద్ వ్రాసి ఇచ్చాడని చెప్పే ఒక పత్రం ఇటీవలి కాలంలో వెలుగులోకి వచ్చింది. దాని ప్రామాణికతపై చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు.

అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టు 23న పారిస్‌లో మరణించాడు. స్వదేశంలో ఖననానికి టర్కీ ప్రభుత్వం అంగీకరించలేదు. పార్థివ దేహాన్ని పారిస్ మసీదులో పదేళ్ళు భద్రపరచి చివరకు 1954లో మదీనాలో ఖననం చేశారు. ఆ వంశపు స్త్రీలకు 1952లోను, పురుషులకు 1974లోను స్వదేశానికి తిరిగివచ్చే అనుమతి లభించింది.

రాజ్యం పోయిన తరువాత

అసఫ్‌జాహీల గతి వేరుగా నడిచింది. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనిక చర్య అయిదు రోజులలో ముగిసింది. ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఎవరూ దేశం నుండి పంపివేయలేదు. పైగా 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు ఆయన హైదరాబాదు రాష్ట్ర రాజప్రముఖ్‌గా ఉన్నాడు. ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం పొందాడు. 1946 నుండి 1951 వరకు దున్నేవానిదే భూమి అంటూ జాగీర్దార్లను, దేశ్‌ముఖులను ఎదిరించి సాయుధ పోరాటం జరిపిన రైతులకు ఈ ఏర్పాటు మింగుడుపడలేదు. విప్లవానికి, విలీనానికి ఉన్న తేడా ఇక్కడే కనిపిస్తుంది. ఇస్తాంబులులో సింహాసనాన్ని ఆ దేశపు జాతీయ సభే రద్దు చేసింది. హైదరాబాదులో ప్రజా పోరాటం ఒకవైపు సాగుతుండగానే చివరి నిర్ణయం సైన్యంతోను, ఒప్పందాలతోను జరిగింది.

ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న హైదరాబాదులోనే మరణించాడు. కొడుకు ఆజం జాను కాదని మనుమడు ముకర్రం జాను వారసునిగా ఆయన ముందే నిర్ణయించాడు. ముకర్రం జా 1933 అక్టోబరు 6న నీస్‌లో, అంటే తాత ప్రవాసంలో ఉన్న ఊరిలోనే, జన్మించాడు. 1967 ఏప్రిల్ 6న చౌమహల్లా రాజభవనంలో పట్టాభిషేకం జరిగేనాటికి ఏలడానికి రాజ్యం లేదు. పోషించవలసిన నౌకర్లు, ఆశ్రితులు మాత్రం పధ్నాలుగు వేల మందికి పైగా ఉన్నారు. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను, బిరుదులను రద్దుచేసింది. పన్నులు, దావాలు, బంధువుల తగాదాలు చుట్టుముట్టగా ముకర్రం జా 1970 దశకం ఆరంభంలో పశ్చిమ ఆస్ట్రేలియాకు వెళ్ళి సుమారు అయిదు లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రం కొన్నాడు. అదీ నిలవలేదు. అనంతరం టర్కీలో స్థిరపడ్డాడు. తాతను వెళ్ళగొట్టిన దేశమే మనుమనికి ఆశ్రయమైంది.

లండన్ నిధి, ఆభరణాలు

సైనిక చర్య ముగిసిన రోజులలోనే నిజాం ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ 10,07,940 పౌండ్ల 9 షిల్లింగుల మొత్తాన్ని లండన్‌లోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతూలా పేర ఉన్న వెస్ట్‌మినిస్టర్ బ్యాంకు ఖాతాకు బదిలీ చేయించాడు. తన అనుమతి లేకుండా జరిగిందని నిజాం కొద్ది రోజులకే సొమ్మును తిరిగి కోరాడు. హక్కుదారు ఎవరో తేలక బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. ఇది రాజ్యపు సొమ్మా, రాజు సొమ్మా అన్నది అసలు చిక్కు. చివరికి భారత ప్రభుత్వము, ముకర్రం జా, అతని తమ్ముడు ముఫఖ్ఖం జా ఒక పక్షంగా నిలిచారు. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు పాకిస్తాన్ వాదనను త్రోసిపుచ్చి వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆ మొత్తం వడ్డీతో మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగింది. ఉస్మాన్ అలీ ఖాన్ ఇతర సంతతివారు కూడా వాటా కోరగా 2020లో అదే కోర్టు నిరాకరించింది.

ట్రస్టుల క్రింద ఉన్న ఆభరణాలలో 173 వస్తువులను దీర్ఘకాలపు వ్యాజ్యాల అనంతరం 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్నది. బహిరంగ విపణిలో వాటి విలువ ఎన్నో రెట్లు ఉంటుందని వారసుల వాదన. ప్రజల శిస్తుతో సమకూడిన వాటికి ఆ మాత్రం ఇవ్వడమే ఎక్కువ అన్నవారూ ఉన్నారు. వాటిని రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంచుతూ కొన్ని మార్లు మాత్రమే ప్రదర్శించారు. హైదరాబాదుకు తరలించి శాశ్వత ప్రదర్శనశాలలో ఉంచాలన్న కోరిక చాలాకాలంగా ఉన్నది. వీటిలో ప్రసిద్ధమైన 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం మన కృష్ణాతీరపు గనులది కాదు, దక్షిణాఫ్రికాది అని చెబుతారు.

భిన్నాభిప్రాయాలు

1908 మూసీ వరదల తరువాత నిర్మితమైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలను, 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని, ఆసుపత్రులను ఒక వర్గం నిజాం కీర్తిగా పేర్కొంటుంది. వెట్టిచాకిరిని, జాగీర్దారీ దోపిడీని, తెలుగు చదువుకు కలిగిన నిరాదరణను, ఖాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దురాగతాలను మరొక వర్గం ముందుకు తెస్తుంది. రెండూ వాస్తవాలే, ఒకటి రెండవదానిని రద్దు చేయదు. సైనిక చర్య సమయంలోను, ఆ వెనువెంటనే జరిగిన హత్యలలో 27,000 నుండి 40,000 మంది మరణించి ఉంటారని సుందర్‌లాల్ సంఘం అంచనా వేసింది. మృతులలో అధికులు ముస్లిములు. ఈ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు వెల్లడి చేయలేదు. దీనిని విస్మరించే చరిత్ర కూడా అసమగ్రమే.

సెప్టెంబరు 17 పేరు విషయంలోనూ ఇదే పేచీ. 2022లో కేంద్ర ప్రభుత్వం విమోచన దినోత్సవంగా, తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవంగా జరిపాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం దానిని ప్రజాపాలన దినోత్సవమన్నది. వామపక్షాలు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతాయి.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబులులో మరణించాడు. కోరిక మేరకు దేహాన్ని హైదరాబాదుకు తెచ్చి చౌమహల్లాలో ప్రజల సందర్శనార్థం ఉంచి, 18వ తేదీన మక్కా మసీదులో పూర్వీకుల సమాధుల ప్రక్కన ఖననం చేశారు. రాష్ట్ర ప్రభుత్వం అధికార లాంఛనాలు జరపడాన్ని కొన్ని రాజకీయ పక్షాలు తీవ్రంగా ఆక్షేపించాయి. అతని పెద్ద కుమారుడు అజ్మత్ జాను కుటుంబం తొమ్మిదవ నిజాంగా ప్రకటించింది. ఆ బిరుదుకు చట్టరీత్యా గుర్తింపు లేదు.