దర్వాజ కట్టె కొనే ముందు: ఇందిరమ్మ ఇండ్ల లబ్ధిదారులకు సూచనలు

ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల రూపాయలు ఒకేసారి చేతికి రావు. పని ఏ దశకు వస్తే ఆ దశ బిల్లు పడుతుంది. దీంతో దర్వాజల దగ్గర చాలామందికి తిప్పలు వస్తున్నాయి. బేస్‌మెంట్ బిల్లు పడగానే గోడలు లేపాలి, గోడ లేవాలంటే దర్వాజ నిలబెట్టాలి. అప్పటికప్పుడు సామిల్లుకు పోయి నిన్న మొన్న కోసిన పచ్చి కట్టెతో చేయించి తెచ్చేస్తారు. ఎండాకాలం వచ్చేసరికి అది ఎండి కుంచించుకుపోతుంది. గోడకూ దర్వాజకూ నడుమ సందు పడుతుంది, తలుపు వంకరపోయి గొళ్లెం పడదు. అందుకే ముగ్గు పోసిన నాడే కట్టె సంగతి చూసుకోండి. కోయించిన కట్టెను నీడలో, వరుసకూ వరుసకూ నడుమ పుల్లలు పెట్టి పేర్చండి. ఎన్ని ఎక్కువ రోజులు ఆరితే అంత మంచిది. ఎండలో పడేస్తే మాత్రం పగుళ్లిస్తుంది.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది?

అదే కట్టెలో చిన్న ముక్క అడిగి తీసుకోండి. కిరాణా దుకాణంలో తూకం వేయించి, నాలుగైదు రోజులు ఎండలో పెట్టి మళ్లీ తూయించండి. 500 గ్రాముల ముక్క 400కి దిగిందంటే అది పచ్చి కట్టే, ఎవరెన్ని చెప్పినా.

ఏ కట్టె తీసుకోవాలి?

పేరు కన్నా చేవ ముఖ్యం. మాను నడుమ ఉండే ముదురు రంగు భాగమే చేవ. దాని చుట్టూ ఉండే తెల్ల కట్టెను చెదలు, పురుగు తొందరగా పడతాయి. బల్లార్షా టేకు అని చెప్పి లేత చెట్టు తెల్ల కట్టె అంటగడితే ఆ పేరుతో మీకేం లాభం? టేకు కొనలేకపోతే చేవ ఉన్న ఏగిస, వేప, నల్లమద్ది తీసుకోవచ్చు. నల్లమద్ది గట్టిదే కానీ సరిగా ఆరకపోతే పగులుతుంది. మామిడి కట్టె దర్వాజకు వద్దు. డబ్బు తక్కువ ఉంటే ముందు దర్వాజకు మంచి కట్టె పెట్టి, లోపలి వాటికి సిమెంటు దర్వాజలు పెట్టుకోవడమే మేలు.

రంగు పూసిన రెడీమేడ్ దర్వాజ కొనకండి. ఆ రంగు కింద తెల్ల కట్టె, లప్పం పెట్టిన రంధ్రాలు కనబడవు.

కొలత మీరే పెట్టండి

కట్టెను సీఎఫ్‌టీ లెక్కన, అంటే ఘనపుటడుగుల్లో అమ్ముతారు. వెడల్పు, మందం ఇంచుల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగించాలి. 7 అడుగుల నిలువులు రెండు, మూడున్నర అడుగుల అడ్డం ఒకటి కలిపితే 17.5 అడుగులు. 4×3 సైజులో అది 1.46 సీఎఫ్‌టీ. టేపు పెడితే మూడున్నర, రెండున్నరే వచ్చిందనుకోండి, మీకు అందింది 1.06. పావు వంతుకు పైగా తక్కువ! రంపం, రంద తరుగు కొంత తప్పదు. అది ఎంతో బేరమప్పుడే తేల్చుకోండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. మీ పట్టా భూమిలో టేకు చెట్టున్నా సరే, కొట్టే ముందు, బండి ఎక్కించే ముందు అటవీ శాఖ అనుమతి ఉండాలి. లేకపోతే కట్టెతో పాటు బండినీ పట్టుకుంటారు.

నిలబెట్టేటప్పుడు

గోడకు ఆనే వైపులకూ, ముఖ్యంగా నేలకు తగిలే కొసలకూ డాంబరు పూయించండి. కొసల నుంచే తేమ పైకి ఎక్కుతుంది, చెదలూ అక్కడే మొదలవుతాయి. ఒక్కో నిలువుకు మూడు చొప్పున ఇనుప క్లాంపులు వేయించాలి. ఈ పని గోడ కట్టాక చేయడం కుదరదు కాబట్టి దర్వాజ ఎత్తే రోజు మేస్త్రీ పక్కనే ఉండండి.