రోజుకి ఒక మిల్లీమీటర్

నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇంటర్‌లో ఉన్నప్పుడు రాత్రిళ్లు కాళ్లు పొడుగు చేసే సర్జరీ గురించి తెగ వెతికేవాణ్ణి. అమ్మకి తెలీదు.

ఇందులో కాలి ఎముకని కావాలనే కోస్తారు. రెండు ముక్కల్నీ రోజుకి దాదాపు 1 మిల్లీమీటర్ చొప్పున దూరం జరుపుతూ పోతే మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. సైబీరియాలోని కుర్గాన్ ప్రాంతంలో ఇలిజారోవ్ అనే డాక్టర్ విరిగి అతకని కాళ్లకి వైద్యం చేస్తూ ఈ పద్ధతి కనిపెట్టారు.

ఎముక మాట వింటుంది. కండరాలు, నరాలు అంత తొందరగా వినవు. మడమ వెనక నరం లాంటి ఆ గట్టి పట్టీ బిగుసుకుపోతే మడమ నేలకి ఆనదు. ఇన్ఫెక్షన్, నరాలు దెబ్బతినడం, ఎముక సరిగ్గా అతుక్కోకపోవడం సరేసరి. 6 సెంటీమీటర్లంటే సాగదీయడానికే 2 నెలలు, గట్టిపడటానికి ఇంకొన్ని నెలలు.

చివరికి నన్ను ఆపింది టేపు. మామూలుగా రెండు చేతులూ చాపితే ఆ కొలత మన ఎత్తుకి దగ్గర్లోనే ఉంటుంది. మోకాలి కింద 6 సెంటీమీటర్లు పెంచినా చేతులు, తొడలు, నడుము పాత కొలతలోనే ఉండిపోతాయి. కోడ్‌లో ఒక వేరియబుల్ మార్చి మిగతావి మర్చిపోయినట్టు!

2016లో హైదరాబాద్‌లో ఒక యువ ఇంజనీర్ ఇంట్లో చెప్పకుండా ఈ సర్జరీ చేయించుకున్నాడు. ఆ పాత వార్త చూపిస్తే నాన్న "పిచ్చోడు" అన్నారు. నేను ఫోన్ వెనక్కి తీసుకున్నాను.