భయం వద్దు, అశ్రద్ధ వద్దు – పరీక్ష కావాలి

తెల్లబట్ట అవుతోంది. రొమ్ములో గడ్డ చేతికి తగులుతోంది. నోట్లో పుండు మానడం లేదు. ఇలాంటి బాధలు మన ఆడవాళ్ళలో చాలామందికి వస్తాయి. వచ్చినప్పుడు మనం ఏం చేస్తాం?

కొందరం ఎవ్వరికీ చెప్పం. చెప్పాలంటే సిగ్గు. ఇంట్లో పని తెమలదు. చేతిలో డబ్బు ఉండదు. "నొప్పి లేదు కదా, అదే పోతుందిలే" అనుకుంటాం. అలా ఏడాది గడిచిపోతుంది.

కొందరం హడలిపోతాం. "ఇది క్యాన్సర్ అవుతుంది" అని ఎవరైనా అంటే చాలు, అప్పు చేసి ఆపరేషన్ చేయించుకుంటాం.

ఈ రెండూ మంచివి కావు. అశ్రద్ధ చేస్తే ప్రాణం పోవచ్చు. భయపడి తొందరపడితే బాగున్న అవయవం పోవచ్చు, అప్పు మిగలొచ్చు. ఈ రెంటికీ నడుమ ఒక దారి ఉంది. అదే పరీక్ష.

క్యాన్సర్ అంటే ఏమిటి?

ఇల్లు ఇటుకలతో కట్టినట్టు, మన ఒళ్ళు కణాలతో తయారయింది. ఇవి కంటికి కనిపించనంత చిన్నవి. పాత కణాలు పోతుంటాయి. కొత్తవి పుడుతుంటాయి. ఇదంతా ఒక లెక్క ప్రకారం జరుగుతుంది. ఒక్కోసారి కొన్ని కణాలు లెక్క తప్పుతాయి. అదుపు లేకుండా పెరుగుతాయి. చేలో కలుపులా పక్కకు పాకుతాయి. అదే క్యాన్సర్. దీన్నే పెద్దవాళ్ళు రాచపుండు అనేవారు.

క్యాన్సర్ తాకితే అంటుకోదు. కలిసి తింటే రాదు. ఆ జబ్బు వచ్చినవాళ్ళను దూరం పెట్టక్కర్లేదు.

ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోవాలి. క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు. నొప్పి మొదలయ్యేసరికి జబ్బు ముదిరిపోయి ఉండవచ్చు. అందుకే నొప్పి లేదని ఊరుకోకూడదు.

నర్సమ్మ ఎందుకు అన్ని ప్రశ్నలు వేస్తుంది?

మామూలు జబ్బుకూ, క్యాన్సర్‌కూ గుర్తులు ఒకేలా ఉండవచ్చు. అందుకే నర్సు చదువులో ఈ సంగతి నేర్పుతారు. ఒక్క గుర్తు చూసి జబ్బు పేరు చెప్పెయ్యకూడదు. ఎన్నాళ్ళ నుంచి? ఎక్కడ? రక్తం పడుతోందా? పెరుగుతోందా? ఇవన్నీ అడగాలి. తర్వాత చూడాలి. అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపాలి.

ఆ ప్రశ్నలకు సిగ్గుపడకుండా జవాబు చెప్పండి. మీరు చెప్పే జవాబులోనే సగం వైద్యం ఉంది.

తెల్లబట్ట క్యాన్సరా?

కాదు. తెల్లబట్ట క్యాన్సర్‌గా మారదు. ముట్టుకూ ముట్టుకూ మధ్య కొంచెం తెల్లగా అవడం మామూలే. గర్భిణిగా ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. వాసన, దురద లేకపోతే భయం లేదు.

వాసన వస్తున్నా, దురద పుడుతున్నా, పచ్చగా అవుతున్నా, పెరుగు తరకల్లా పడుతున్నా అది అంటురోగం కావచ్చు. దీనికి మందులున్నాయి. కొన్నిసార్లు భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్ళీ వస్తుంది.

మరి ఎప్పుడు జాగ్రత్త పడాలి? ముట్టు కాని రోజుల్లో రక్తం కనిపిస్తే. భర్తతో కలిసిన తర్వాత రక్తం పడితే. ముట్లుడిగిపోయిన తర్వాత మళ్ళీ ఒక్క చుక్క కనిపించినా సరే. దుర్వాసనతో రక్తపు చారలు పడితే. ఇవి గర్భసంచి మూతి దగ్గర వచ్చే క్యాన్సర్ గుర్తులు కావచ్చు. వెంటనే చూపించుకోవాలి.

ఈ క్యాన్సర్ ఎలా వస్తుంది?

దీనికి కారణం ఒక వైరస్. దాని పేరు హెచ్‌పీవీ. ఆడ, మగ కలయిక వల్ల ఇది ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఇది చాలామందికి సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో దానంతట అదే పోతుంది. కొద్దిమందిలో మాత్రం ఉండిపోతుంది. అలా ఉండిపోయిన వైరస్ క్యాన్సర్ తేవడానికి చాలాసార్లు పది, పదిహేనేళ్ళు పడుతుంది. కాబట్టి జబ్బు వచ్చిన మనిషి నడవడికను అనుమానించకూడదు.

పది, పదిహేనేళ్ళంటే చాలా కాలం. మనకు దొరికిన అదను అది. ఆ లోపల పరీక్ష చేయించుకుంటే జబ్బును క్యాన్సర్ కాకముందే పట్టుకోవచ్చు.

పరీక్ష ఎలా చేస్తారు? నర్సమ్మ గర్భసంచి మూతికి పలచని ఆసిటిక్ ఆమ్లం రాస్తుంది. పచ్చళ్ళలో పోసే వినిగర్‌లో ఉండే పులుపు అదే. ఒక్క నిమిషం ఆగి చూస్తుంది. తెల్లని మచ్చ తేలితే డాక్టరు దగ్గరికి పంపుతుంది. మచ్చ తేలిందంటే క్యాన్సర్ వచ్చేసిందని కాదు. మచ్చ చిన్నదైతే దాన్ని అక్కడికక్కడ చల్లదనంతో గాని, వేడితో గాని మాడ్చేస్తారు. చాలామందికి గర్భసంచి తియ్యక్కర్లేదు.

30 ఏళ్ళు దాటిన ప్రతి ఆడమనిషీ అయిదేళ్ళకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. ఏ బాధా లేకపోయినా చేయించుకోవాలి. ఈ వైరస్ రాకుండా టీకా కూడా ఉంది. 9 నుంచి 14 ఏళ్ళ వయసులో ఆడపిల్లలకు వేయిస్తే బాగా పనిచేస్తుంది. టీకా వేయించుకున్నా, పెద్దయ్యాక పరీక్ష మానకూడదు.

గర్భసంచి తీసేస్తే సరిపోతుందా?

మన దగ్గర ఈ మాట చాలా వినపడుతుంది. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంక గర్భసంచి ఎందుకు?" అంటారు. 2015-16లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు. దేశం మొత్తం మీద నూటికి 3 మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో నూటికి సుమారు 8 మందికి, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మందికి తీసేశారు. అన్ని రాష్ట్రాలకన్నా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ.

వీటిలో అవసరమైనవీ ఉంటాయి. పెద్ద గడ్డలు ఉన్నప్పుడు, మందులకు రక్తస్రావం ఆగనప్పుడు, క్యాన్సర్ ఉన్నప్పుడు తియ్యక తప్పదు. కానీ ఒక్క తెల్లబట్టకో, నడుం నొప్పికో గర్భసంచి తియ్యక్కర్లేదు. చిన్న వయసులో గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. అవసరం లేని ఈ ఆపరేషన్లను అదుపు చెయ్యాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కాబట్టి డాక్టరును ఈ నాలుగు మాటలు అడగండి. నాకున్న జబ్బు పేరేమిటి? ఏ పరీక్షలో తెలిసింది? మందులతో తగ్గదా? ఆపరేషన్‌లో ఏమేం తీసేస్తారు? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. వేలిముద్ర వేసే రోజులు పోయాయి. చదివిన తర్వాతే సంతకం పెట్టండి. తొందర లేకపోతే ఇంకో డాక్టరుకు కూడా చూపించండి.

రొమ్ములో గడ్డ

రొమ్ములో వచ్చే గడ్డలన్నీ క్యాన్సర్ కావు. చంటిబిడ్డ తల్లికి పాలు గడ్డకట్టవచ్చు. నొప్పి, జ్వరం వస్తే చీము పట్టి ఉండవచ్చు. వయసు పిల్లల్లో వేలి కింద జారిపోయే గడ్డ చాలావరకు మామూలు గడ్డే.

గట్టిగా ఉండి నొప్పి లేని గడ్డతో జాగ్రత్త. చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, చనుమొన కొత్తగా లోపలికి పోయినా, చనుమొన నుంచి రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా ఆలస్యం చెయ్యకూడదు. అయితే జారిపోయే గడ్డ అయినా సరే, మనకు మనమే తేల్చుకోకూడదు. నర్సమ్మకో, డాక్టరుకో చూపించాలి.

"సూదితో ముక్క తీస్తే జబ్బు పాకుతుంది" అని కొందరు భయపెడతారు. అందుకు భయపడి పరీక్ష మానుకోకండి. ముక్క తీసి చూస్తేనే ఏ జబ్బో తేలుతుంది. ఏ వైద్యం చెయ్యాలో తెలుస్తుంది.

నోట్లో పుండు

నోటిపూత మామూలుగా రెండు వారాల్లో మానిపోతుంది. మానకపోతే చూపించాలి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ ఉన్నా చూపించాలి. నోరు సరిగా తెరుచుకోకపోయినా చూపించాలి. గుట్కా, ఖైనీ, జర్దా, వక్క నమిలేవాళ్ళకు ఈ ముప్పు ఎక్కువ.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లో కొందరు ఆడవాళ్ళు చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడి, ఆ పొగ అంగుడికి తగులుతాయి. వాళ్ళకు అంగుట్లో క్యాన్సర్ వస్తోందని డాక్టర్లు ఎన్నో ఏళ్ళ కిందటే గమనించారు. ఎన్నేళ్ళ అలవాటైనా మానేస్తే మేలే. మానేసిన రోజు నుంచే ముప్పు తగ్గడం మొదలవుతుంది.

చిన్న పరీక్ష ఏం కాపాడుతుంది?

ముంబైలో టాటా మెమోరియల్ అనే పెద్ద క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆ ఆస్పత్రి వాళ్ళు 1998లో బస్తీల్లో ఒక పని మొదలుపెట్టారు. సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రెండేళ్ళకోసారి ఆసిటిక్ ఆమ్లంతో గర్భసంచి మూతి పరీక్ష చేశారు. చేసింది డాక్టర్లు కాదు. పదో తరగతి చదివి, నాలుగు వారాల శిక్షణ పొందిన ఆడవాళ్ళు. పన్నెండేళ్ళ తర్వాత లెక్క చూశారు. పరీక్ష చేయించుకున్న గుంపులో ఆ క్యాన్సర్ చావులు నూటికి 31 వంతులు తగ్గాయి.

పెద్ద యంత్రాలు లేవు. ఒక దీపం వెలుతురు, కొంచెం ఆమ్లం, నేర్చుకున్న కన్ను. అంతే.

ఎక్కడికి వెళ్ళాలి?

ముందు మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని అడగండి. సబ్ సెంటర్‌లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళకు నోరు, రొమ్ము, గర్భసంచి మూతి పరీక్షలు ఉచితం. మీ దగ్గర ఏ రోజు చేస్తారో కనుక్కోండి. పెద్ద వైద్యం కావాలంటే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద పేదవాళ్ళకు క్యాన్సర్ వైద్యం ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది. వెళ్ళేటప్పుడు కార్డు, పాత చీటీలు తీసుకెళ్ళండి.

ఒక్కరే వెళ్ళాలంటే సిగ్గుగా ఉంటుంది. సంఘం మీటింగ్ రోజున పదిమంది అనుకొని కలిసి వెళ్ళండి. చదవడం రాని అక్కకు ఈ పాఠం చదివి వినిపించండి.

మీ సంఘంలో మాట్లాడుకోండి

1. మన ఊళ్ళో 30 ఏళ్ళు దాటినవాళ్ళు ఎంతమంది? పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎంతమంది?

2. గర్భసంచి తీయించుకున్నవాళ్ళకు జబ్బు పేరు చెప్పారా? ఏ పరీక్ష చేశారు?

3. సబ్ సెంటర్‌కు మనం ఏ రోజు వెళదాం? తేదీ ఇక్కడ రాయండి: ....................